ముగ్గు పోసేముందు

మన ఇళ్లల్లో గడ్డపార దించేముందు ఎంతమందిని అడుగుతామో ఎప్పుడైనా లెక్కపెట్టి చూశారా? అయ్యగారిని అడుగుతాం. వాస్తు చెప్పే పెద్దమనిషిని అడుగుతాం. ఈశాన్యంలో నీళ్లు, ఆగ్నేయంలో పొయ్యి అని ఆయన చెప్పిందల్లా వేదవాక్కులా రాసుకుంటాం. మూఢమా, శూన్యమాసమా అని క్యాలెండరు తిరగేస్తాం. అడక్కపోతే అలుగుతుందని ఆడపడుచునూ అడుగుతాం. చివరికి భూదేవినీ అడుగుతాం. పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయ కొట్టి, "తల్లీ, నీ గుండెల మీద గడ్డపార దించుతున్నాం, తప్పు కాయమ్మా" అని చెంపలు వేసుకుంటాం.

అడగనిదల్లా ఒక్కరినే. ఆ భూదేవి ఒడిలో మనకంటే ముందే గొట్టం వేసినవాణ్ణి, తీగ పరిచినవాణ్ణి. "అయ్యా, ఇక్కడ తవ్వబోతున్నాం, కింద నీదేమైనా ఉందా?" అని ఒక్కమాట అడిగితే మన పరువేం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా కరీంనగర్ వైపు ఇల్లు కట్టడంలో మొదటి మెట్టును "ముగ్గు పోసుడు" అంటారు. ఎక్కడ తవ్వాలో నేలమీద ముగ్గుపిండితో గీసి చూపించడమన్నమాట. ఇందిరమ్మ ఇళ్ల వార్తల్లో కూడా ఫలానా ఊళ్లో ఇంతమంది ముగ్గు పోశారని రాస్తున్నారు. ఎంత చక్కని మాట! కానీ ఆ ముగ్గు మనం మన గోడల కోసమే పోసుకుంటున్నాం. కింద ఉన్నవాటి కోసం ఎవరూ పోయడం లేదు. ఈ వ్యాసమంతా ఆ పోయని ముగ్గు గురించే.

ఇంకొకళ్ల సంగతి ఎందుకు, నా సంగతే చెబుతాను. నవలలు రాసుకుంటూ నలుగురికీ నీతులు చెప్పేదాన్ని, నాకేం తెలియదని తప్పించుకోలేను కదా! కొన్నేళ్ల కిందట మా ఇంటికి నీళ్ల సంపు తవ్వించాలనుకున్నాం. వాస్తు ప్రకారం ఆ మూల సరిగ్గా గేటు పక్కకు వచ్చింది. లోపల చోటు చాలదని, వీధిలోకి ఓ రెండడుగులు జరిపాం. (ఈ రెండడుగుల జబ్బు మీ వీధిలో ఎవరికీ లేదా అని నేను అడగను లెండి.) పొద్దున ఆరు గంటలకు ముహూర్తం. జేసీబీ గంటల లెక్కన కిరాయికి వచ్చింది. నడిపే పిల్లవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఎక్కడ తవ్వాలో చూపించాం, ఎంత లోతో చెప్పాం, టీ ఇచ్చాం. అంతే.

పావుగంట తిరక్కుండా ఫట్టుమని చప్పుడు. గుంతలో నీళ్లు బుసబుసా పైకి తన్నుకొచ్చాయి.

"గీడ నల్లా పైపు ఉన్నదని నాకెవ్వలు చెప్పిండ్రమ్మా?" అన్నాడు ఆ పిల్లవాడు.

నిజమే. ఎవరు చెప్పారు? నాకు తెలిస్తే కదా చెప్పడానికి! తెలుసుకోవాలని నేను ఎవర్నడిగాను గనక!

"ఏం గాదమ్మా" అని వాడే నాకు ధైర్యం చెప్పి, నీళ్లు వదిలే వేళ అయిపోగానే పాత సైకిలు ట్యూబు ముక్క తెచ్చి పగిలినచోట గట్టిగా చుట్టి మట్టి కప్పేశాడు. కొబ్బరి ముక్కలు పంచుకున్నాం. నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. "చెబితే జరిమానా అంటారు, ఆ రెండడుగుల సంగతి బయటపడుతుంది, ఊరుకో" అన్నారు మావారు. ఊరుకున్నాను.

ఇక్కడ మంచినీళ్ల గొట్టం గుణం ఒకటి చెప్పాలి. నీళ్లు వదిలినంతసేపూ లోపలి ఒత్తిడికి చిల్లులోంచి నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు ఆపేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు చుట్టుపక్కల తడిని లోపలికి పీల్చుకుంటుంది. పక్కనే మురికి కాలువ ఉందనుకోండి, ఇక చెప్పనక్కరలేదు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే వీధుల్లో ఈ పీల్చుడు పద్దు ఇంకా ఎక్కువ.

రెండు వారాలకు ఎదురింటి వదినె చెంబు పట్టుకొని వచ్చింది.

"వదినె, మా పిల్లగానికి రాత్రి సంది వాంతులు, మోషన్లు. డాక్టరు మంచినీళ్లే తాగియ్యిమన్నడు. మీ ఫిల్టరు నీళ్లు ఓ చెంబెడు ఇస్తవా?"

పిల్లవాడు ఆమె మనవడు, ఆరేళ్లవాడు. చెంబెడేం ఖర్మ, బిందెడు ఇచ్చాను. ఇవ్వాల్సిన మాట మాత్రం ఇవ్వలేదు. ఆ సాయంత్రానికి వాణ్ణి ఆస్పత్రిలో చేర్చి సెలైను ఎక్కించారు. ఆ వీధిలో ఇంకో ముగ్గురికీ అదే బాధ. నీళ్లవాళ్లు వచ్చి వెతికి వెతికి మా గేటు ముందు తవ్వితే సైకిలు ట్యూబు బయటపడింది. పిల్లవాడు నాలుగో రోజుకు లేచి తిరిగాడు కాబట్టి సరిపోయింది. లేవకపోతే? ఆ "పోతే" దగ్గర నాకు ఇప్పటికీ నిద్రలో మెలకువ వస్తుంది.

2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అది ఎవరి జేసీబీ వల్లో జరిగిందని నేను అనడంలేదు. మంచినీళ్ల గొట్టానికి చిల్లు పడితే కథ ఎక్కడిదాకా పోతుందో చెబుతున్నానంతే.

మా నాయనమ్మ కాలంలో నేల కింద ఏముండేది? బావి, పాతర, లంకెబిందెల కల. ఇప్పుడు? మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం, కరెంటు కేబులు, టెలిఫోను తీగ, ఇంటర్నెట్టు తీగ. మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. ఆ పథకం కింద రాష్ట్రమంతా లక్ష కిలోమీటర్లకు పైగా గొట్టాలు పాతారు. ఆ కందకాల్లోనే టీ-ఫైబర్ తీగకూ చోటిచ్చారు. ఒక్కసారి తవ్వి రెండు పనులు చేయడం తెలివైన ఆలోచనే. కానీ ఇప్పుడు అక్కడ ఒక్క దెబ్బ పడితే ఊరికి నీళ్లూ పోతాయి, కబురూ పోతుంది. రామగుండం చూడండి. 1980లో బొగ్గుతో నడిచిన ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, 2021లో మళ్లీ గ్యాసుతో మొదలైంది. ఆ గ్యాసు లారీల్లో రాదు, నేల కింద గొట్టంలో వస్తుంది. అంటే మన గడ్డపారకు తగిలేది ఇక నీళ్లే కానక్కరలేదు.

ఆదిలాబాదు అడవి గూడేల సంగతి మరీ దయనీయం. పట్నంలో గొట్టం పగిలితే ట్యాంకరుకో, క్యానుకో ఫోన్ చేస్తాం. రోడ్డు పనిలో గూడేనికి వెళ్లే గొట్టం తెగితే అక్కడి ఆడది ఎవరికి ఫోన్ చేస్తుంది? మళ్లీ బిందె నెత్తిన పెట్టుకొని వాగులోకి దిగి, ఇసుకలో చెలిమ తోడుకోవడమే. తవ్వినవాడి నిర్లక్ష్యం బరువు చివరికి ఎక్కేది ఆడదాని నెత్తిమీదికే. అందుకే "ఇది మగవాళ్ల వ్యవహారం, ఆడవాళ్ల పేజీల్లో ఎందుకు?" అనేవారికి నా జవాబు ఒక్కటే: బిందెలు మీరు మొయ్యండి, వ్యాసాలు మానేస్తాను.

చెప్పకుండా తవ్వకూడదన్న జ్ఞానం మన గడ్డకు కొత్త కాదు. సింగరేణి కార్మికుల ఇళ్లల్లో అడగండి. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపుకు పోవాలంటే ముందుగా రాతపూర్వకమైన అనుమతి కావాలి, ముందుకు సన్నని రంధ్రాలు వేసి చూసుకుంటూ పోవాలి, పాత పటాలు భద్రంగా ఉంచాలి. ఎందుకు? ఆ పాత గుహల్లో నీళ్లు నిలిచి ఉంటాయి గనక. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో పాత గనిలో నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా పోయారు. మన గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు మళ్లీ ఇంటికి రాలేదు. నేల కింద ఏముందో తెలియకుండా తవ్వడమంటే ఏమిటో ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. వెయ్యడుగుల లోతున ఉన్న ఆ జాగ్రత్త మన గేటు ముందు ఆరడుగుల లోతున ఎందుకు లేదు?

అమెరికాలో ఉన్న మా చిన్నమ్మ కూతురు పెరట్లో జామమొక్క నాటాలనుకుంది. తెల్లారి చూస్తే పచ్చిక మీద రంగు గీతలు. పక్కింటి పిల్లలు పాడుచేశారనుకొని మండిపడిందట. తీరా చూస్తే వాళ్లాయన రెండ్రోజుల ముందు 811 అనే నంబరుకు ఫోన్ చేసి చెప్పాడట. 2007 నుంచి ఆ దేశమంతటికీ అదొక్కటే నంబరు. చెప్పినందుకు పైసా తీసుకోరు. మనం చెబితే, కింద ఎవరెవరి గొట్టాలున్నాయో వాళ్లకు కబురు పోతుంది. వాళ్లే వచ్చి నేలమీద రంగులు వేసి పోతారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, టెలిఫోనుకు నారింజ, మంచినీళ్లకు నీలం, మురుగుకు ఆకుపచ్చ. తవ్వబోయేవాడు తన చోటు తెల్లరంగుతో చూపించాలి. వింటుంటే నాకు నవ్వొచ్చింది. ముగ్గు మనది, ముగ్గులో రంగులు మనవి, తవ్వేముందు ముగ్గు పోయడమూ మనదే. బుద్ధి మాత్రం వాళ్లకు ముందు వచ్చింది!

అంతా దొరల దేశాల్లోనే సవ్యంగా ఉందని కాదు. దక్షిణ కొరియాలో దేగు అనే నగరం ఉంది. 1995 ఏప్రిల్ 28 పొద్దున అక్కడ ఒక పెద్ద దుకాణం కట్టడానికి నేలలో రంధ్రం వేస్తూ గ్యాసు గొట్టానికి చిల్లు పెట్టారు. గ్యాసు కంపెనీకి కబురు పోవడానికి దాదాపు అరగంట పట్టింది. ఈలోగా గ్యాసు మురుగు కాలువ వెంట పాకి, పక్కన కడుతున్న భూగర్భ రైలు సొరంగంలో నిండి పేలింది. 101 మంది పోయారు. అందులో 42 మంది బడికి పోతున్న పిల్లలు. ముందు అడగకపోవడం ఒక తప్పు. పగిలాక వెంటనే చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఆ అరగంట గురించి చదివినప్పుడు మా సైకిలు ట్యూబు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

మరి మన గవర్నమెంటు ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2023 మార్చి 22న ఢిల్లీలో ప్రధానమంత్రి "కాల్ బిఫోర్ యు డిగ్" అని ఒక యాప్ ప్రారంభించారు. తవ్వబోయేవాడు అందులో చోటు చూపిస్తే, అక్కడ కింద ఆస్తులున్న సంస్థలకు సమాచారం పోతుంది. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని అప్పుడు వాళ్లే చెప్పారు. బాగుంది. కానీ ఆ ఇంగ్లీషు పేరు మా జేసీబీ పిల్లవాడి నోరు తిరిగేదెప్పుడు? మేస్త్రీ చెవిన పడేదెప్పుడు? పెళ్లికి పందిరి గుంజలు పాతేవాడికి తెలిసేదెప్పుడు? ఢిల్లీలో దీపం వెలిగిస్తే మా గల్లీలో వెలుతురు రాదు. ఎవరో ఒకరు ఇక్కడిదాకా ఆ దీపం మోసుకురావాలి.

"చెబితే పర్మిషన్ అంటారు, పర్మిషన్ అంటే చెయ్యి చాపుతారు, అందుకే చెప్పం" అంటారు కొందరు. ఈ మాటలో నిజం లేదని నేను బుకాయించను. అయితే కబురు చెప్పడం వేరు, కాళ్లు పట్టుకోవడం వేరు. చెప్పినవాడి దగ్గర డబ్బు గుంజే ఆఫీసు ఏదైనా ఉంటే, అది జనానికి చెప్పకుండా తవ్వుకోమని పాఠం నేర్పుతున్నట్టే లెక్క. కబురుకు కాసు అడగకూడదు. ఇది మొదటి షరతు.

"వాళ్ల దగ్గరే పటాలు లేవు, మనకేం చెబుతారు?" అంటారు ఇంకొందరు. ఇదీ నిజమే. చాలా ఊళ్లలో ఏ వీధి కింద ఏ గొట్టం ఎటు తిరిగిందో తెలిసినవాడు ఒక్క పాత ఫిట్టరే. ఆయన రిటైరైతే పటం కూడా ఆయనతోపాటే రిటైరవుతుంది. ఆయన బుర్రలో ఉన్నది కాగితం మీదికి ఎక్కించడానికి ఎన్ని కోట్లు కావాలి? ఇక శాఖలవారు తమలో తాము చెప్పుకోరు. నిన్న రోడ్డు వేస్తారు, ఇవాళ గొట్టానికి తవ్వుతారు, రేపు తీగకు తవ్వుతారు. అత్తాకోడళ్లయినా కూర ఏం వండాలో ఒక మాట అనుకుంటారు. వీళ్లకు అదీ లేదు. ఇంటివాళ్లు చెప్పాలంటే ముందు శాఖలు ఒకరికొకరు చెప్పుకోవాలి. ఇది రెండో షరతు.

బోరు వేసేముందు అధికారులకు చెప్పాలన్న చట్టం మనకు 2002 నుంచే ఉంది. వాల్టా అంటారు. ఊరి మంచినీళ్ల బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదని కూడా అందులో ఉంది. అర్ధరాత్రి బోరు బండి చప్పుడు విననివాళ్లు మీలో ఎంతమంది? చట్టం పుస్తకంలో నిద్రపోతుంటే, నిద్ర చెడేది మనకు.

నేల కిందిదే కాదు, పైనున్న తీగదీ అదే న్యాయం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంతో ఇళ్ల మీద సోలారు పలకలు పెట్టించుకుంటున్నాం. మంచిదే. కానీ కరెంటు ఆఫీసుకు చెప్పి, వాళ్ల మీటరు పెట్టించుకొని, వాళ్ల తీగకు పద్ధతిగా కలపాలి. జనరేటరునో మరోదాన్నో ఎవరికీ చెప్పకుండా ఇంటి వైరింగుకు కలిపితే, కరెంటు తీసేశామన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి మనింటి కరెంటే వెనక్కి పోయి తగులుతుంది. అతనికీ ఇంటి దగ్గర ఎదురుచూసే భార్య ఉంటుంది.

కాబట్టి నా వాదన చాలా చిన్నది. తెలుగులో ఒక్క ఫోన్ నంబరు పెట్టండి. యాప్ ఉంటే ఉండనివ్వండి, నంబరు మాత్రం ప్రతి జేసీబీ తలుపు మీదా, ప్రతి బోరు బండి మీదా పెద్ద అక్షరాలతో రాయించండి. చెప్పిన రెండు మూడు రోజుల్లో మనిషి వచ్చి రంగు ముగ్గు పోసి పోవాలి. పగిలిందని తానే వచ్చి చెప్పినవాణ్ణి వెంటనే జరిమానాతో బెదిరించకండి, దాచినవాణ్ణి మాత్రం వదలకండి. ఇక మనం చేయాల్సింది ఇంకా చిన్నది. మగవాళ్లు ఆఫీసులకు పోయాక గేటు దగ్గర నిలబడి పని చేయించేది మనమే కదా! జేసీబీ దించేముందు "బాబూ, కింద ఏముందో కనుక్కున్నావా?" అని అడుగుదాం. కనుక్కోలేదంటే టీ ఇచ్చి కూర్చోబెడదాం. ముహూర్తం దాటితే ఇంకో ముహూర్తం వస్తుంది.

చివరగా ఒక్కమాట. సైకిలు ట్యూబు బయటపడిన సాయంత్రం నేను ఎదురింటికి వెళ్లాను. పిల్లవాడు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. గొట్టం పగిలిన రోజే నాకు తెలుసని, జరిమానాకు భయపడి ఊరుకున్నానని వదినెతో చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోననీ అనుకున్నాను. ఆమె చాలాసేపు చెంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది.

"గప్పుడే ఒక్క మాట చెప్తే ఏం పోవు వదినె? నీళ్లు కాగబెట్టుకునేటోళ్లం గద!" అంది.